గళ్లు నింపితే లెక్క రెడీ!

సంక్రాంతి దాటిందంటే చాలు... అచ్చంపేట మార్కెట్ యార్డులో వేరుశనగ సందడి మొదలవుతుంది. నల్లమల అంచు పల్లెల నుంచి రైతులు బస్తాలతో దిగుతారు. తూకం, తరుగు, హమాలీ, కమీషన్... ఒక్కో రైతుదీ ఒక్కో లెక్క. పగలంతా బేరాలు, రాత్రయితే చిట్టా ముందు కూర్చోవడం... అడ్తిదారుకు సీజనంతా ఇదే పని. ఎక్కడో ఒక్క అంకె తేడా వచ్చిందా, మళ్లీ మొదటికే!

ఎరువుల దుకాణానిదీ, కిరాణా కొట్టుదీ ఇదే తిప్పలు. ఉద్దెర ఖాతాలు, సరుకు నిల్వ, పనివాళ్ల జీతాలు... అన్నీ నెలనెలా తిరిగొచ్చే లెక్కలే. అంకెలు మారతాయి తప్ప పద్ధతి మారదు. మరి ప్రతిసారీ కొత్తగా గీతలు గీసుకోవడం ఎందుకు? ముందే గళ్లు గీసి, సూత్రాలు రాసిపెట్టిన రెడీమేడ్ స్ప్రెడ్‌షీట్లు అక్కరకొచ్చేది ఇక్కడే.

బోర్డు చూసి పుట్టిన ఆలోచన

అమెరికాలోని హార్వర్డ్‌లో బిజినెస్ చదువుకునే రోజుల్లో డాన్ బ్రిక్లిన్‌ను ఓ విషయం ఆలోచనలో పడేసింది. బోర్డు మీద ఒక్క అంకె మారిస్తే, దాని మీద ఆధారపడ్డ అంకెలన్నీ చెరిపి మళ్లీ రాయాలి. ఆ పనేదో కంప్యూటరే చేస్తే? బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి ఆయన తయారుచేసిన విజీకాల్క్ 1979లో వచ్చింది. 1985లో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ వచ్చింది. ఇప్పుడు ఎక్సెల్‌లో బిల్లు, బడ్జెట్, సరుకు నిల్వ... దేనికి కావాలంటే దానికి నమూనా సిద్ధంగా ఉంటుంది. గూగుల్ షీట్స్‌లోనూ ఇలాంటివి ఉచితంగా దొరుకుతాయి. 2017 జులై 1న మొదలైన జీఎస్టీ రిటర్నుల కోసం ఆ పోర్టల్లోనే ఎక్సెల్ నమూనా ఇస్తున్నారు.

ఒక్క తక్‌పట్టీ చూడండి

రైతు 20 బస్తాలు తెచ్చాడనుకుందాం. బస్తాకు 35 కిలోల చొప్పున 7 క్వింటాళ్లు. క్వింటా 6,000 రూపాయలైతే 42,000. అందులోంచి ఖర్చులు పోను రైతు చేతికి వచ్చేదెంత? కాగితం మీదైతే నాలుగైదు లెక్కలు. షీటులో అయితే తూకం, ధర ఎక్కిస్తే చాలు... మిగతా గళ్లు వాటంతటవే నిండుతాయి. ఎంతమంది రైతులొచ్చినా అదే షీటు!

నమ్మే ముందు...

చిక్కల్లా ఒక్కటే. ఆ సూత్రం రాసింది మనం కాదు. 40 వరసల వరకే కూడేలా ఉన్న షీటులో 46 మంది రైతుల లెక్క ఎక్కించారనుకోండి. చివరి ఆరుగురి డబ్బు మొత్తంలో చేరదు. తలా 42,000 చొప్పున 2,52,000 రూపాయల తేడా! షీటు మాత్రం ఏమీ తెలియనట్టే ఉంటుంది.

ఇలాంటి పొరపాటు పెద్దపెద్ద వాళ్లకూ తప్పలేదు. ప్రసిద్ధ ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ దేశాల అప్పుల మీద 2010లో రాసిన పత్రంలో, ఎక్సెల్ సూత్రం 5 దేశాలను వదిలేసి సగటు కట్టింది. 2013లో ఓ విద్యార్థి మళ్లీ లెక్కకడితే గానీ అది బయటపడలేదు. పాతరకం ఎక్సెల్ ఫైలులో 65,536 వరసలే పడతాయి. 2020లో ఇంగ్లండ్‌లో ఆ ఫైళ్లు వాడినందుకు దాదాపు 16,000 కరోనా కేసులు లెక్కకెక్కకుండా పోయాయి.

అందుకే కొన్ని జాగ్రత్తలు...

* చేత్తో రాసిన పోయిన నెల లెక్కను ముందుగా షీటులో వేసి చూడండి. రెండూ కలిస్తేనే వాడండి.
* ధర క్వింటాకా, కిలోకా, బస్తాకా? ముందే సరిచూసుకోండి.
* కొత్త వరస కావాలంటే మొత్తం గడి కింద రాయకుండా మధ్యలో చేర్చండి. సూత్రం చివరి వరస దాకా ఉందో లేదో చూడండి.
* సూత్రాలున్న గళ్లకు తాళం వేయండి. పొరపాటున చెరిగిపోవు.
* రోజూ తేదీ వేసి ఒక నకలు దాచండి.
* ఎవరో పంపిన ఫైలు 'మాక్రోలు అనుమతించండి' అని అడిగితే ఒప్పుకోకండి.

చిట్టా మూసేముందు పెద్దలు పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి కూడి చూసుకునేవారు. షీటు వచ్చినా ఆ అలవాటు మానకూడదు. రోజూ ఓ పది నిమిషాలు సరిచూసుకోవడానికి పోయినా, మిగిలిన సమయంలో పిల్లలతో కలిసి అన్నం తినొచ్చు. రైతు చేతిలో పడే తక్‌పట్టీ కూడా పైసా తేడా లేకుండా ఉంటుంది!