ఆస్ట్రల్ ప్రొజెక్షన్: తొలిసారి ప్రయత్నిస్తే నిజంగానే శరీరం వదిలి బయటకు వస్తారా? ఆ రాత్రి అసలు ఏం జరుగుతుంది?

అడ్డతీగల: పడుకున్న చోటే శరీరాన్ని వదిలి గాల్లో తేలొచ్చు, ఊరంతా తిరిగి మళ్లీ లోపలికి వచ్చేయొచ్చు.. ఇలా చెప్పే వీడియోలకు తెలుగులో ఇప్పుడు కొదవే లేదు. దీన్నే ఆస్ట్రల్ ప్రొజెక్షన్ అంటున్నారు. మన దగ్గర సూక్ష్మ శరీర యానం అన్న పేరు ఎప్పటి నుంచో ఉంది. సిగ్నల్ అందే ప్రతి కొండ ఊరికీ ఈ వీడియోలు చేరుతున్నాయి. చూసినవాళ్లలో కొందరు 'ఒకసారి మనమూ చేసి చూద్దాం' అనుకోవడం సహజం.

మరి తొలిసారి ప్రయత్నించినప్పుడు ఏం జరుగుతుంది? అది ప్రమాదమా? ఇంట్లోవాళ్లు భయపడితే ఏం చేయాలి? ముఖ్యంగా మన్యం ప్రాంతంలో ఈ చివరి ప్రశ్న చాలా పెద్దది. ఎందుకో చూద్దాం.

తెలుగు నేలకు ఇది ఎలా వచ్చింది?

పరకాయ ప్రవేశం కథలు మనకు కొత్త కాదు. ఆది శంకరాచార్యులు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించారన్న గాథ పెద్దలు చెప్పగా విన్నదే. అయితే 'ఆస్ట్రల్ బాడీ' అనే మాటకు ప్రచారం తెచ్చింది మాత్రం దివ్యజ్ఞాన సమాజం. 1882లో ఈ సంస్థ మద్రాసు అడయారుకు మారింది. దాని నాయకుల్లో ఒకరైన లెడ్‌బీటర్ 1895లో ఆస్ట్రల్ లోకం గురించి ఓ పుస్తకమే రాశారు. ఆ తర్వాత 1971లో అమెరికాకు చెందిన రాబర్ట్ మన్రో తన అనుభవాలను పుస్తకంగా తెచ్చారు. ఇప్పుడు వీడియోల్లో కనిపించే చాలా పద్ధతులకు మూలం ఇలాంటి పుస్తకాలే.

తెలుగు ఇళ్లలోకి ఈ మాటను తెచ్చినవారిలో సుభాష్ పత్రీజీ ముఖ్యులు. 1990లో కర్నూలులో ఆయన మొదలుపెట్టిన ధ్యాన ఉద్యమమే పిరమిడ్ స్పిరిచువల్ సొసైటీల ఉద్యమంగా ఎదిగింది. శ్వాస మీద ధ్యాస ఆయన బోధనలో అసలు పద్ధతి. సూక్ష్మ శరీర యానం గురించీ ఆయన విరివిగా మాట్లాడారు. 2022 జులైలో ఆయన కన్నుమూశారు. ఆయనపై ప్రభావం చూపిన రచయితల్లో లోబ్‌సాంగ్ రాంపా ఒకరు. టిబెట్ లామాగా పరిచయం చేసుకున్న ఈ రచయిత నిజానికి ఇంగ్లండ్‌లో పుట్టిన సిరిల్ హోస్కిన్ అని 1958లో బయటపడింది. లామా ఆత్మ తన దేహంలోకి వచ్చిందని ఆయన సమాధానం చెప్పుకున్నారు. పుస్తకంలో ఉన్నంత మాత్రాన అది జరిగినట్టే అనుకోకూడదు అనడానికి ఇదో ఉదాహరణ.

కొండల్లో ఆత్మ ప్రయాణం.. సవరల దారి వేరు

ఆత్మ శరీరాన్ని వదిలి వెళ్తుందన్న నమ్మకం తూర్పు కనుమల్లో పుస్తకాల కంటే పాతది. అడ్డతీగలకు ఈశాన్యంగా, ఇవే కనుమల్లో శ్రీకాకుళం ఏజెన్సీ మీదుగా ఒడిశా గజపతి జిల్లా దాకా సవరలు ఉంటారు. వాళ్ల ఆచారాల మీద వెరియర్ ఎల్విన్ 1955లో పెద్ద గ్రంథం ప్రచురించారు. తర్వాత పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవ శాస్త్రవేత్త ఒడిశా వైపు కొండల్లో ఏళ్ల తరబడి ఉండి, వాళ్ల భాష నేర్చుకుని 1993లో మరో పుస్తకం రాశారు.

ఆయన వర్ణించిన తీరు ఇదీ. పూజారిణి కూర్చుని పాడుతూ పూనకంలోకి వెళ్తుంది. ఆమె ఆత్మ కిందున్న చనిపోయినవారి లోకానికి దిగుతుందని నమ్మకం. ఒళ్లు బిగుసుకుపోతే చుట్టూ ఉన్నవాళ్లు కాళ్లూ చేతులూ సవరిస్తారు. ఆ తర్వాత చనిపోయినవాళ్లు ఒక్కొక్కరుగా ఆమె నోటితో మాట్లాడతారు. బంధువులు వాళ్లతో ఏడుస్తారు, వాదిస్తారు, రాజీ పడతారు. ఇటీవలి దశాబ్దాల్లో చాలామంది సవరలు క్రైస్తవంలోకి మారడంతో ఈ ఆచారం బాగా తగ్గింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. సవర పూజారిణి ఒంటరిగా ఈ పని చేయదు. చిన్నప్పటి నుంచే దానికి అలవాటు పడుతుంది. చుట్టూ మనుషులుంటారు. ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో అందరికీ తెలుసు. ఇప్పుడు వీడియో చూసి ప్రయత్నించే కుర్రాడికి ఇవేవీ ఉండవు. గది చీకటి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, పక్కన ఎవరూ లేరు. భయం వేస్తే చెప్పుకునే దిక్కూ ఉండదు.

తొలి ప్రయత్నంలో ఏం జరుగుతుంది?

వీడియోల్లో చెప్పే పద్ధతి దాదాపు ఒకటే. నాలుగైదు గంటలు నిద్రపోయి తెల్లవారుజామున లేవాలి. కాసేపు మెలకువగా ఉండి వెల్లకిలా పడుకోవాలి. ఒళ్లంతా వదులు చేయాలి. పైనుంచి ఓ తాడు వేలాడుతున్నట్టు, దాన్ని పట్టుకుని పైకి పాకుతున్నట్టు ఊహించుకోవాలి.

చాలామందికి తొలి రాత్రి జరిగేది ఒక్కటే.. హాయిగా నిద్ర పడుతుంది! కొందరికి మాత్రం చెవుల్లో హోరు, ఒంట్లో కరెంటు పాకినట్టు ప్రకంపనలు, మంచం ఊగుతున్న భావన, గుండె దడ, గదిలో ఎవరో ఉన్నారన్న అనుమానం వస్తాయి. కాలు కదపాలన్నా కదలదు. అరవాలన్నా గొంతు రాదు. ఇంకొందరికి తేలిపోతున్నట్టు, తమను తాము పైనుంచి చూసుకుంటున్నట్టు ఉంటుంది.

ఇవి అబద్ధాలు కావు. నిజంగా కలిగే అనుభవాలే. కాకపోతే కారణం వేరే ఉంది.

సైన్స్ ఏం చెబుతోంది?

మనకు కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశ ఒకటుంది. దాన్ని రెమ్ నిద్ర అంటారు. కలలో పరిగెత్తితే నిజంగానే లేచి పరిగెత్తకుండా ఆ సమయంలో మెదడు కండరాలను దాదాపుగా స్తంభింపజేస్తుంది. తెల్లవారుజాము దగ్గరపడేకొద్దీ ఈ దశ ఎక్కువసేపు ఉంటుంది. నిద్రను మధ్యలో ఆపి, వెల్లకిలా పడుకుని మళ్లీ నిద్రలోకి జారితే ఒక్కోసారి మనిషికి మెలకువ వచ్చినా కండరాల స్తంభన విడవదు. కల కూడా కళ్ల ముందు నడుస్తూనే ఉంటుంది. దీన్నే స్లీప్ పెరాలసిస్ అంటారు. మన ఊళ్లలో 'దెయ్యం గుండెల మీద కూర్చుంది' అనేది చాలాసార్లు ఇదే. జీవితంలో ఒక్కసారైనా ఇది వచ్చినవాళ్లు 100 మందిలో 8 మంది దాకా ఉంటారని అంచనా. సాధారణంగా కొన్ని సెకన్ల నుంచి కొద్ది నిమిషాల్లో దానంతట అదే పోతుంది.

అంటే వీడియోలో చెప్పే పద్ధతి ఈ స్థితి రావడానికి అనువైన ఏర్పాటే! తెల్లవారుజామునే ఎందుకు, వెల్లకిలానే ఎందుకు అన్న ప్రశ్నలకు జవాబు ఇక్కడే ఉంది.

మరి పైనుంచి చూసుకోవడం సంగతేంటి? 2002లో జెనీవాలో ఓలాఫ్ బ్లాంకె బృందం మూర్ఛకు చికిత్స పొందుతున్న ఓ మహిళ మెదడులో కుడివైపు, చెవికి కాస్త పైన వెనగ్గా ఉండే భాగానికి స్వల్పంగా విద్యుత్ ఇచ్చింది. 'మంచం మీద పడుకున్న నన్ను పైనుంచి చూస్తున్నాను' అని ఆమె చెప్పారు. అయితే కాళ్లు, నడుము భాగం మాత్రమే కనిపించాయట. కంటి చూపు, చెవిలోని తూకం, చర్మ స్పర్శ.. వీటిని కలిపి 'నేను ఇక్కడున్నాను' అని మెదడు లెక్క కడుతుంది. ఆ లెక్క తప్పితే 'నేను' వేరే చోట ఉన్నట్టు అనిపిస్తుంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త హెన్రిక్ ఎర్సన్ కెమెరాలు, కళ్లకు పెట్టుకునే తెరల సాయంతో ఆరోగ్యవంతులకూ ఇలాంటి భ్రమ కలిగించి చూపించారు.

నిజంగా బయటకు వెళ్లినట్టు రుజువుందా?

దీన్నీ పరీక్షించారు. 2014లో వెలువడిన ఓ అధ్యయనంలో 15 ఆసుపత్రుల్లో గుండె ఆగిన 2,060 కేసులను పరిశీలించారు. కొన్ని గదుల్లో పైకప్పు దగ్గర, పైనుంచి చూస్తేనే కనిపించేలా బొమ్మలు పెట్టారు. బతికిన వారిలో 140 మందితో మాట్లాడారు. ఒక వ్యక్తి చెప్పిన సంగతులు ఆ సమయంలో జరిగిన వాటితో సరిపోలాయి. కానీ ఆయన ఉన్న చోట బొమ్మ లేదు. బొమ్మను చూసి చెప్పినవారు మాత్రం ఒక్కరూ లేరు.

బ్రిటన్ మనస్తత్వవేత్త సూసన్ బ్లాక్‌మోర్ కథ ఇంకా ఆసక్తికరం. 1970లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతుండగా ఆమెకు శరీరం వదిలి ఇళ్ల పైకప్పుల మీదుగా ఎగిరిన అనుభవం కలిగింది. తర్వాత వెళ్లి సరిచూస్తే తాను చూసిన పైకప్పు వివరాలు అసలు భవనంతో సరిపోలలేదు. అనుభవం నిజం, చూసిన పైకప్పు మాత్రం మెదడు గీసుకున్నది.

మీరూ పరీక్షించుకోవచ్చు. ఇంట్లో ఎవరినైనా ఓ కాగితం మీద ఐదంకెల సంఖ్య రాసి, మీకు చెప్పకుండా అటక మీద పెట్టమనండి. 'బయటకు వెళ్లిన' రాత్రి ఆ అంకె చదివి రండి. పొద్దున్నే అందరి ముందూ చెప్పి, ఆ తర్వాతే కాగితం దించండి.

మన్యంలో అసలు ప్రమాదం ఎక్కడ?

వెండి తీగ తెగిపోతుందని, ఖాళీ దేహంలోకి ఇంకేదో దూరుతుందని వీడియోల్లో భయపెడతారు. దానికి ఆధారాల్లేవు. భయపడాల్సింది తెల్లారాక జరిగే దాని గురించి.

ఓ ఇంటర్ కుర్రాడు రాత్రి బిగుసుకుపోయి, గదిలో నల్లని ఆకారం కనిపించి, పొద్దున్న వణుకుతూ లేచాడనుకుందాం. ఫోన్‌లో చూసింది చేశానని ఇంట్లో చెప్పడు. 'గాలి సోకింది' అని ఒకరంటారు. 'ఎవరో చిల్లంగి పెట్టారు' అని ఇంకొకరంటారు. ఆ 'ఎవరో' అన్న మాట ఏ ఒంటరి ముసలమ్మ మీదకో, పొలం గట్టు తగాదా ఉన్న పొరుగింటి మీదకో వెళ్లడానికి ఎంతోసేపు పట్టదు. చిల్లంగి అనుమానంతో దాడులు, హత్యలు జరిగిన కేసులు గోదావరి, విశాఖ ఏజెన్సీల్లో ఉన్నాయి. ఒకరి నిద్రలో జరిగిన చిన్న తేడా మరొకరి ప్రాణం మీదకు రాకూడదు. అందుకే ప్రయత్నించినవాళ్లు ముందు చేయాల్సింది ఏం చేశారో ఇంట్లో ఉన్నది ఉన్నట్టు చెప్పడం.

రెండో విషయం జ్వరం. ఏజెన్సీలో మలేరియా ఎప్పుడూ దగ్గరే ఉంటుంది. తీవ్రమైన జ్వరంలో లేనివి కనిపించడం, తేలుతున్నట్టు ఉండటం, మాట తడబడటం జరుగుతాయి. అలాంటప్పుడు అది ఆస్ట్రల్ అనుభవమా, దెయ్యమా అని చర్చ పెట్టుకోవద్దు. ఆశా కార్యకర్తను పిలిచి రక్త పరీక్ష చేయించాలి. మనిషి స్పృహలో లేకపోయినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయాలి. మెదడుకు పాకిన మలేరియాలో గంటలు కూడా విలువైనవే.

ఎవరు ప్రయత్నించకూడదు?

మూర్ఛ ఉన్నవాళ్లు, మానసిక సమస్యకు మందులు వాడుతున్నవాళ్లు, తరచూ గుండె దడ, విపరీత భయం వచ్చేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. నిద్ర చెడగొట్టుకోవడం మూర్ఛను రేపుతుంది. పరీక్షల రోజుల్లో పిల్లలకూ ఇది వద్దు. గంజాయి పీల్చో, జీలుగు కల్లు తాగో ప్రయత్నిస్తే భ్రమలు, భయం ముదిరే ప్రమాదం ఉంది. కొన్ని రోజులు పస్తులుండి, నిద్ర మాని చేయమని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఇంతింత డబ్బు కడితే శరీరం నుంచి బయటకు పంపిస్తామనే ఆన్‌లైన్ కోర్సుల విషయంలోనూ జాగ్రత్త.

ఒకవేళ ఒళ్లు బిగుసుకుపోతే కంగారు పడొద్దు. ఇది నిద్రలో వచ్చేదే, పోతుందని మనసులో అనుకోండి. ఊపిరి మీద ధ్యాస పెట్టండి. కాలి బొటనవేలో, చేతి వేలి కొసో కదపడానికి చూడండి. మామూలుగా అక్కడి నుంచే కదలిక తిరిగి వస్తుంది. తర్వాత లేచి దీపం వేసుకుని, కాసిని నీళ్లు తాగి, పక్కకు తిరిగి పడుకోండి. పక్కన పడుకున్నవాళ్లు గమనిస్తే పేరు పెట్టి పిలిచి భుజం తట్టినా చాలు. రోజూ ఒకే వేళకు పడుకోవడం, కంటి నిండా నిద్రపోవడం అలవాటైతే ఇవి చాలావరకు తగ్గుతాయి.

అదే పనిగా వస్తున్నా, పగలు కూడా మాటలు వినిపిస్తున్నా, ఆకారాలు కనిపిస్తున్నా డాక్టర్‌ను కలవాలి. అంత దూరం వెళ్లలేకపోతే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది. ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడొచ్చు.

శ్వాస మీద ధ్యాస పెట్టి పది నిమిషాలు కూర్చుంటే మనసు కుదుటపడుతుంది. అందుకు తెల్లవారుజామున నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు, శరీరం వదిలి వెళ్లనూ అక్కర్లేదు. అయినా సరదాగా ప్రయత్నించాలనుకుంటే ఆరోగ్యం బాగున్నప్పుడే, ఇంట్లో ఒకరికి చెప్పే చేయండి. రాత్రి ఏం కనిపించినా, పొద్దున్న దానికి ఎవరి పేరూ అంటగట్టకండి.