భవనాల ఆయువు తేల్చే చిన్న సంస్థలు

రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో 2025 జులై 25న ప్రభుత్వ పాఠశాల పైకప్పు కూలి ఏడుగురు చిన్నారులు మరణించారు. వెనువెంటనే, పాఠశాల భవనాలన్నింటికీ భద్రతా తనిఖీలు జరపాలని కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలను ఆదేశించింది. దేశంలో ప్రభుత్వ పాఠశాలలే 10 లక్షలకు పైగా ఉన్నాయి. ఆసుపత్రులు, కచేరీలు, సిబ్బంది క్వార్టర్లు వీటికి అదనం. ఇన్ని భవనాలను పరీక్షించడం ఇంజినీరింగ్ శాఖల సొంత సిబ్బంది వల్ల అయ్యే పని కాదు. అందుచేత టెండర్లు పిలిచి బయటి సంస్థలకు అప్పగించక తప్పడం లేదు. ఆ టెండర్లకు ముందుకు వచ్చేవి ఎక్కువగా చిన్న సంస్థలే.

చిన్నవి కావడం లోపమేమీ కాదు. ఈ పనికి కావలసినది పెద్ద యంత్రసామగ్రి కాదు, అనుభవజ్ఞుడైన ఇంజినీరు. రీబౌండ్ సుత్తితో కొట్టి కాంక్రీటు ఉపరితల గట్టిదనాన్ని అంచనా వేస్తారు. అల్ట్రాసోనిక్ తరంగాలను పంపి లోపలి డొల్లతనాన్ని కనిపెడతారు. కొత్తగా చెక్కిన చోట ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే గులాబీ రంగు తేలాలి. రంగు రాలేదంటే కాంక్రీటు క్షారగుణం కోల్పోయిందనీ, లోపలి ఇనుముకు తుప్పు ముప్పు ఉందనీ అర్థం. సున్నం వేసిన గోడను కంటితో చూసి, నాలుగు ఫొటోలు తీసి నివేదిక ఇచ్చేవారికి ఇవేవీ తెలియవు. అసలు చిక్కు ధర దగ్గర వస్తుంది. అతి తక్కువకు కోట్ చేసిన సంస్థ మొదట వదులుకునేది ఈ పరీక్షలనే.

కేంద్ర ప్రభుత్వ 2017 ఆర్థిక నిబంధనలు సలహా సేవల ఎంపికకు నాణ్యతనూ ధరనూ కలిపి తూచే పద్ధతిని అనుమతిస్తున్నాయి. కనీస సాంకేతిక అర్హత దాటినవారిలో తక్కువ ధరకు అప్పగించే పద్ధతి మామూలు తరహా పనులకు ఉద్దేశించినది. కూలడానికి సిద్ధంగా ఉన్న కప్పును పరీక్షించడం మామూలు పని ఎలా అవుతుంది?

చిన్న సంస్థలకు రాయితీలున్నాయి. 2012 నాటి కేంద్ర కొనుగోళ్ల విధానం సూక్ష్మ, చిన్న సంస్థలకు ధరావతు మినహాయించింది. వాటి నుంచి జరపవలసిన కొనుగోళ్ల వాటాను 2018లో 25 శాతానికి పెంచారు. పూర్వానుభవం విషయంలోనూ సడలింపు ఉంది. అయితే ప్రజాభద్రతతో ముడిపడిన సందర్భాలలో అనుభవాన్ని కోరవచ్చునని ఆర్థిక శాఖ 2016లోనే వివరణ ఇచ్చింది. టెండరు రాసే అధికారి ఈ వెసులుబాటును వాడుకోవాలి.

మరోవైపు, చిన్న సంస్థల గోడు వినేవారూ తక్కువే. 2006 చట్టం ప్రకారం బిల్లులు 45 రోజుల లోపు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ ఇవ్వాలి. కానీ మళ్లీ అదే కార్యాలయం గడప తొక్కవలసిన చిన్న సంస్థ వడ్డీ కోసం తగవుకు దిగుతుందా? ‘భవనం ప్రమాదకరం’ అని రాయడానికి చేయి వెనుకాడేదీ ఇందుకే. అలా రాస్తే శాఖ భవనాన్ని ఖాళీ చేయించాలి, నిధులు వెతకాలి.

ముంబయిలో 30 ఏళ్లు దాటిన భవనాలకు నిర్మాణ తనిఖీని 2009లో చట్టబద్ధం చేశారు. అక్కడ ఒకే భవనానికి యజమాని ఇంజినీరు ఒక నివేదిక, అద్దెదారుల ఇంజినీరు మరొక నివేదిక ఇచ్చిన సందర్భాలున్నాయి. ఆ వివాదాలు కార్పొరేషన్ సాంకేతిక సలహా సంఘం ముందుకు వెళ్తాయి. ప్రభుత్వ పాఠశాల విషయంలో రెండో నివేదిక తెప్పించే స్తోమత అందులో చదివే పిల్లల తల్లిదండ్రులకు లేదు.