పదిహేడేళ్ల సైనికుడి ఉత్తరం: చరిత్ర ఆధారంగా చదవడం

రెండో ప్రపంచ యుద్ధాన్ని ఇంతవరకు మీరు ఒప్పందాలు, దండయాత్రలు, తేదీల ద్వారా చదివారు. ఇప్పుడు మరో రకమైన ఆధారాన్ని పరిశీలిద్దాం. అది సైన్యంలో ఉన్న జర్మన్ కుర్రవాడు ఇంటికి రాసిన ఉత్తరం.

ముందుగా అతని వయస్సును గమనించండి. 1926లో పుట్టిన పిల్లవాడికి, హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933 నాటికి ఆరేడేళ్లు. అతని పాఠ్యపుస్తకాలు, ఆటలు, పాటలు అన్నీ నాజీల అదుపులోనివే. 1939 నుంచి పదేళ్లు నిండినవారికి హిట్లర్ యువజన సంఘంలో సభ్యత్వం తప్పనిసరి. 1943 ఫిబ్రవరి నుంచి 1926, 1927లలో పుట్టిన హైస్కూలు విద్యార్థులను విమాన విధ్వంసక ఫిరంగుల దగ్గర సహాయకులుగా నియమించారు. ఉపాధ్యాయులు అక్కడికే వచ్చి పాఠాలు చెప్పేవారు! తరువాత వీరిలో చాలామంది సైన్యంలోకి వెళ్లారు.

జర్మన్ సైనిక తపాలాను 'ఫెల్డ్‌పోస్ట్' అంటారు. మామూలు ఉత్తరానికి స్టాంపు అక్కరలేదు. చిరునామాలో ఊరి పేరు ఉండదు, దళాన్ని సూచించే ఐదంకెల సంఖ్య ఉంటుంది. కొడుకు ఎక్కడున్నాడో కవరు చూసి తల్లి తెలుసుకోలేదు. యుద్ధకాలంలో ఈ తపాలా మోసిన ఉత్తరాలు, పార్సిళ్లు 3,000 కోట్లకు పైనే ఉంటాయని అంచనా.

ఉత్తరం విప్పితే మొదట మీకు నిరాశ కలగవచ్చు. అందులో యుద్ధం తక్కువ, తిండి ఎక్కువ. పార్సిల్ అందిందని, మేజోళ్లు పంపమని, చలి ఎక్కువగా ఉందని, నిద్ర చాలడం లేదని, తాను క్షేమమని రాసి ఉంటుంది. చరిత్ర విద్యార్థి ఇక్కడే ఆగి, రాయని విషయాల గురించి ఆలోచించాలి.

రాయకపోవడానికి ఒక కారణం తనిఖీ. తనిఖీ కార్యాలయాలు అన్ని ఉత్తరాలనూ చదవలేవు, కొన్నింటినే విప్పేవి. అయితే ఏది విప్పుతారో రాసేవాడికి తెలియదు. సైనిక స్థైర్యాన్ని దెబ్బతీసే మాటలకు మరణశిక్ష కూడా పడవచ్చు. తనిఖీ లేకపోయినా ఆ కుర్రవాడు అన్నీ రాసేవాడా? అమ్మ కంగారు పడుతుందని దాచేవి కొన్ని, తన భయాన్ని తానే ఒప్పుకోలేక దాచేవి మరికొన్ని. దాచిన వాటిలో తాను చేసినవి, చూస్తూ ఊరుకున్నవి కూడా ఉండవచ్చు.

ఈ చివరి మాటను తేలికగా తీసుకోకండి. ఎక్కువగా 1926లో పుట్టిన కుర్రవాళ్లతో నిండిన 12వ ఎస్.ఎస్. పాంజర్ డివిజన్ 'హిట్లర్ యూగెండ్', 1944 జూన్‌లో నార్మండీలో యుద్ధఖైదీలైన కెనడా సైనికులను హత్య చేసింది. మేజోళ్లు అడిగే వయస్సు, ఈ హత్యలు చేసిన వయస్సు ఒకటే. ఉత్తరంలో కనిపించే పిల్లవాడిపై మనకు జాలి కలగడం సహజం. కాని ఆ జాలితో అతని సైన్యం ఏం చేసిందన్న ప్రశ్నను వదిలేస్తే మన పఠనం సగమే అవుతుంది.

ఉత్తరం అసలైనదేనా అన్నది కూడా చూసుకోవాలి. స్టాలిన్‌గ్రాడ్ నుంచి వచ్చిన చివరి ఉత్తరాలంటూ 1950లో జర్మనీలో వెలువడిన సంకలనం ఎంతో పేరు పొందింది. అందులో రాసినవారి పేర్లు లేవు. అది నిజమైనది కాదని పలువురు పండితులు భావిస్తారు. అసలు ఉత్తరాలతో చిక్కు మరోలా ఉంటుంది. 1941 వరకు బడులలో నేర్పిన పాత జర్మన్ చేతిరాతను నేటి జర్మన్లే సులువుగా చదవలేరు.

మరో లోటు కూడా ఉంది. కొడుకు రాసినవి ఇంట్లో పెట్టెలో భద్రంగా మిగిలాయి. తల్లి రాసినవి యుద్ధభూమిలో చాలావరకు పోయాయి. అందువల్ల ఆమె ఏమడిగిందో అతని జవాబులను బట్టి ఊహించుకోవాలి. ఆమె ఉత్తరాలు కొన్ని మాత్రం తిరిగి ఇల్లు చేరాయి. అతను మరణించాడన్న గుర్తుతో, విప్పకుండానే వెనక్కి వచ్చినవి అవి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

"నేను క్షేమంగా ఉన్నాను, మీరు దిగులు పడకండి" అని మాత్రమే ఉన్న ఒక సైనికుడి ఉత్తరం మీకు దొరికిందనుకోండి. దానిని ఆధారంగా వాడుకునే ముందు మీరు ఏ ప్రశ్నలు వేస్తారు? పది వాక్యాలలో రాయండి.