ఇనుము నతుకు విద్య – అందలి అపాయములు

విరిగిన నాగటి కఱ్ఱును కమ్మరి కొలిమిలో తెల్లగా కాచి, దాకలిపై నుంచి, సమ్మెటతో మోది యతికించుట మీ రెఱిగినదే. ఢిల్లీలో కుతుబ్ మినారు చెంత నున్న ఇనుప స్తంభమును సుమారు 1,600 సంవత్సరములకు పూర్వము మన పనివారు ఇట్లే ముద్దపై ముద్ద చేర్చి నిలిపిరి. నేడు ట్రాక్టరు తొట్టి మొదలు ఇంటి గేటు వఱకు అన్నియు వెల్డింగు దుకాణమునకే పోవుచున్నవి. అందు పనిచేయువారు తఱచుగా మన ఊరి పిల్లలే. కావున ఆ పని యెట్లు జరుగునో, అపాయ మెచ్చట పొంచియుండునో మనవి చేసెదను.

ఈ పనికి ముఖ్యముగా రెండు పద్ధతులు గలవు. మొదటిది గ్యాసు పద్ధతి. కార్బైడుపై నీరు పడిన ఎసిటిలీన్ అను వాయువు పుట్టును. దానిని ఆక్సిజనుతో కలిపి వెలిగించిన మంట వేడిమి 3,000 డిగ్రీలను మించును. ఇనుము 1,538 డిగ్రీలకే కరుగును గనుక రెండంచులును కరిగి యేకమగును. ఈ పనిలో ఆక్సిజను సిలిండరు మూతికి నూనె గాని గ్రీజు గాని తగులనీయరాదు. తగిలిన భగ్గున మండును.

రెండవది విద్యుత్ పద్ధతి. కడ్డీకిని ఇనుమునకును నడుమ విద్యుత్తు మెఱుపువలె దూకి రెంటిని కరిగించును. 1907 ప్రాంతమున స్వీడను దేశీయుడగు ఆస్కార్ కెల్‌బెర్గ్ కడ్డీకి పూత పూయు విధమును కనిపెట్టెను. ఆ పూత కాలి, కరిగిన ఇనుమునకు గాలి సోకకుండ కాపాడును. అతుకును కాపాడు ఆ పూతయే పొగయై పనివాని ఱొమ్మునకు చేటు తెచ్చును.

నిప్పును చూచి యెవరైనను జాగ్రత్తపడుదురు. వెంటనే తెలియని అపాయములే యెక్కువ కీడు చేయును.

ఆ వెలుగులో అతినీలలోహిత కిరణములు గలవు. చూచినపుడు నొప్పి యుండదు. కొన్ని గంటలకు, ఒక్కొక్కపుడు నడిరేయి, కన్నులలో ఇసుక పోసినట్లు బాధించి నీరు కారును. అప్పుడు పసరులు పోయక వైద్యునికి చూపవలెను. ఎండకు పెట్టుకొను నల్లకళ్లజోడు చాలదు. తగిన అద్దముతో ముఖమంతయు కప్పు తొడుగు కావలెను. నేను చూచిన పలు దుకాణములలో తొడుగు మేకునకు వ్రేలాడుచుండును. పిల్లవాడు అరచేయి యడ్డము పెట్టుకొని పని కానిచ్చుచుండును. వీధిలో నిలిచి చూచు పసివారి కన్నులకును ఇదే చేటు.

ఇక పొగ. జింకు పూత గల రేకును అతికిన నాటి సాయంకాలము చలియు జ్వరమును వచ్చును. మలేరియా యని భ్రమపడుదురు. ఒకటి రెండు దినములలో తగ్గునని ఉపేక్షింపరాదు. అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2017లో వెల్డింగు పొగను మానవులకు కాన్సరు కలిగించు వానిలో చేర్చినది. పాలు త్రాగినంత మాత్రమున పొగ విఱుగదు. గాలి యాడు చోట, పొగ ముఖమునకు రాకుండ ప్రక్కగా నిలిచి, పూతను ముందుగా గీకివేసి పని చేయవలెను.

చెమటతో తడిసిన బట్టలు, వాననీరు నిలిచిన నేల విద్యుత్తునకు త్రోవ నిచ్చును. పొడి చేతితొడుగులు, మంచి చెప్పులు, తెగని తీగలు ప్రాణమును కాపాడును.

అన్నిటికంటె మోసకారి ఖాళీ పీపా. పెట్రోలు గాని డీజిలు గాని పోసిన పీపాలో నూనె లేకున్నను ఆవిరి మిగిలియుండును. అది లోని గాలితో కలిసియున్నపుడు వెల్డింగు వేడిమి తగిలిన ఫిరంగివలె ప్రేలును. నీటితో కడిగితిమి గదా యనిన చాలదు. మడతలలోని నూనె కాగి మరల ఆవిరి యగును. అట్టి పీపాను, ట్రాక్టరు డీజిలు ట్యాంకును ఊరి దుకాణమున అతికింపకుడు. క్రొత్త ట్యాంకు వెల యెంతయైనను మనిషి ప్రాణముకంటె తక్కువే.

అయ్యలారా, కోతల వేళ తొందర పెట్టువారము మనమే. "అయ్యా, తొడుగు పెట్టుకొని పని చేయుము, నేను కూర్చుండెదను" అని మీరొక్క మాట యనిన పిల్లవాడు వినును. దుకాణము ముందు తెర కట్టుమని యజమానికి చెప్పుడు. పీపా తెచ్చినవానిని వెనుకకు పంపుడు. పని నేర్ప పంపిన మీ మనుమనికి కూలి యెంతయని యడుగుటకు ముందు, కంటి యద్దము గలదా యని యడుగుడు.