సంఘముల మధ్య రాయబారి

రాయబారి అనగానే కోటు తొడుక్కొని దేశదేశాలు తిరిగే ప్రభుత్వ ఉద్యోగి మనకు గుర్తుకు వస్తాడు. దేశాల మధ్య కాక, సంఘాల మధ్య పాతికేళ్ళకు పైగా రాయబారం నడిపిన ఒక దైవజనుని గూర్చి ఈ నెల చెప్పుకొందాము. ఆయన ప్రయాస ఫలించింది గాని, దానిని ఆయన కన్నులారా చూడలేదు. ఆయన డయాసిస్‌లో భాగమైన మన నంద్యాల సీమలో అది ఇంకా ఆలస్యంగా ఫలించింది.

ఆయనే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాళన్‌విళై అనే పల్లెలో ఒక పాదిరి గారి ఇంట పుట్టారు. మాతృభాష తమిళం. 1909లో డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకొని, పల్లె పల్లెకు తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆయనే తొలి భారతీయ బిషప్. మొదట చిన్నదిగా ఉన్న ఆయన డయాసిస్‌లో తరువాత కర్నూలు, కడప ప్రాంతాల ఎస్.పి.జి. మిషను సంఘాలు కూడా చేరాయి.

ఆ రోజుల్లో మన రాయలసీమలో క్రైస్తవుల పరిస్థితి ఎట్లా ఉండేది? కడపలో 1822 నుండి లండన్ మిషను వారు. జమ్మలమడుగు ఆసుపత్రి కూడా వారిదే. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు వైపు ఎస్.పి.జి. వారు. కర్నూలు పట్టణంలో అమెరికన్ బాప్తిస్టు మిషను వారు, వారి కోల్స్ హైస్కూలు. తగవులు రాకూడదని మిషనులు తాలూకాలు పంచుకొన్నాయి. కరవు అందరికీ ఒకటే, చదివే తెలుగు బైబిలు ఒకటే, ప్రభువు బల్ల మాత్రం వేరు. లండన్ మిషను పల్లెలో పుట్టిన పిల్ల ముత్యాలపాడు వైపు కోడలుగా వెళ్తే, బిషప్ చేతి కన్ఫర్మేషన్ పొందనిదే అక్కడి బల్లలో పాలు పొందరాదు. ఈ గోడలు మన తాతలు కట్టినవి కావు. ఇంగ్లండులోను, స్కాట్లండులోను ఎప్పుడో జరిగిన తగవులు ఓడ ఎక్కి మన దగ్గరకు వచ్చాయి.

1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది సేవకులు కూడుకొన్నారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఆంగ్లికన్ సంఘము, 1908లో ఏర్పడిన దక్షిణ ఇండియా ఐక్య సంఘము ఒకటి కావాలని అక్కడ ప్రకటించారు. మన కడప లండన్ మిషను వారు ఈ ఐక్య సంఘములోని వారే. ఆ కూటానికి ముందు నిలిచినవారిలో అజరయ్య గారు ముఖ్యులు. 1920 నుండి సంయుక్త కమిటీ కూర్చుంది. 1925లో వెస్లియన్ మెథడిస్టులు కూడా చర్చల్లోకి వచ్చారు. 1927లో లోజాన్ మహాసభలో అజరయ్య గారు పాశ్చాత్య పెద్దల ముఖం మీదనే ఒక మాట అన్నారు. విభేదాలు మీ దేశాల్లో బలహీనత కావచ్చు, మా దేశంలో అయితే అది పాపమే అని దాని సారాంశం.

ముడి ఎక్కడ పడింది? బిషప్ హస్తనిక్షేపణ లేకుండా సేవలోకి వచ్చిన పాదిరులను ఏమి చేయాలి? మళ్ళీ అభిషేకం చేయాలంటే, ఇన్నాళ్ళ వారి సేవ చెల్లదన్నట్టే. వద్దంటే ఆంగ్లికన్ల మనస్సాక్షి ఒప్పదు. చివరకు కుదిరిన ఒడంబడిక ఇది: ఉన్నవారిని ఉన్నట్టే అంగీకరించాలి. ఇకమీదట అభిషేకాలు బిషప్‌ల చేతనే జరగాలి. ఏ సంఘం మీదనూ దాని మనస్సాక్షికి విరోధమైన సేవకుని రుద్దరాదు. ముప్పై ఏళ్ళ తరువాత మిగిలిన సంగతి చూచుకోవాలి. ఇంత ఓపికగల ఏర్పాటు ప్రభుత్వాల ఒప్పందాల్లో కూడా అరుదేమో! అయినా ఇంగ్లండులో పెద్ద గొడవ లేచింది. కవి టి.ఎస్. ఎలియట్ 1943లో దీనికి విరోధంగా ఒక పుస్తకమే వ్రాశారు.

1945 జనవరి 1న అజరయ్య గారు ప్రభువునందు నిద్రించారు. అదే నెలలో ఆంగ్లికన్ మహాసభ ఐక్యతకు ఓటు వేసింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది. లండన్ మిషను సంఘాల నుండి వచ్చిన హోస్పేట్ సుమిత్ర గారు ఆ దినాననే బిషప్ అయ్యారు. రాయలసీమ బిషప్‌గా ఉండగా 1954లో మోడరేటర్ కూడా అయ్యారు.

నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో ఎక్కువమంది మాత్రం చేరలేదు. వారిని మొండివారని కొట్టివేయడం న్యాయం కాదు. తాతల నాటి ప్రార్థన గ్రంథము, బిషప్ చేతి కన్ఫర్మేషన్ వారికి ప్రాణంతో సమానం. వాటికి ఏమవుతుందోనన్న భయం పల్లె విశ్వాసికి చిన్న భయం కాదు. వారు కలకత్తా మెట్రోపాలిటన్ కాపుదలలో ఉండిపోయారు. 1963లో నంద్యాల ప్రత్యేక డయాసిస్ అయింది. బలవంతం చేయరాదన్న అజరయ్య గారి తరపు మాట ఇక్కడ అక్షరాలా నిలిచింది. ఇటు కడప, అటు నంద్యాల, నడుమ ఒక పూట బస్సు ప్రయాణం. సంఘాలు మాత్రం ఇరవై ఎనిమిదేళ్ళు వేరుగానే ఉన్నాయి.

1975లో నంద్యాల డయాసిస్ దక్షిణ ఇండియా సంఘములో చేరింది. అజరయ్య గారు డోర్నకల్‌లో కన్నుమూసి అప్పటికి ముప్పై ఏళ్ళు.