బ్యాటరీ మీద బతికే కంప్యూటర్: హ్యామ్ రేడియోకి ఏది కొనాలి?

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేసరికి మనలో చాలామందిమి ఇంకా చిన్న తరగతుల్లోనే ఉన్నాం. గంజాం జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. బరంపురంలో ఏ తెలుగింట్లో కదిపినా ఆ రోజుల కథ ఒకటి బయటికొస్తుంది. టవర్లు పడిపోయినా, కేబుళ్లు తెగిపోయినా మాట పోయే దారి ఒకటుంది. దాన్ని మన భాషలో ఔత్సాహిక రేడియో అనొచ్చు. లోకమంతా మాత్రం హ్యామ్ రేడియో అంటుంది. ఒక రేడియో, ఒక బ్యాటరీ, మేడ మీద కట్టిన ఒక తీగ ఉంటే చాలు. తరంగాలు పైన ఐనో ఆవరణానికి తగిలి కిందికి వంగి వందల, వేల కిలోమీటర్ల అవతల దిగుతాయి.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ గారు ఒక బృందాన్ని అండమాన్ తీసుకెళ్లారు. ఆ దీవుల నుంచి ప్రపంచంలోని హ్యాములతో మాట్లాడడం వాళ్ల పని. 26వ తేదీ ఉదయం సునామీ వచ్చింది, ఫోన్లు పోయాయి. సరదాకి పెట్టిన ఆ రేడియోలే దీవులకీ దేశానికీ మధ్య కబుర్లు మోశాయి. ఆవిడ పిలుపు సంకేతం వీయూ2ఆర్‌బీఐ. హ్యాములకి పేరు కంటే ఈ సంకేతమే ముఖ్యం.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇప్పుడు రేడియో పక్కన కంప్యూటర్ కూడా కూర్చుంటోంది. నోటితో మాట్లాడడానికి కంప్యూటర్ అక్కర్లేదు. మోర్స్‌కీ అక్కర్లేదు. ఆ రెండూ ఎప్పటికైనా ముందు నేర్చుకోవలసినవే. కానీ గొంతు వినపడనంత బలహీనంగా సంకేతం వచ్చినప్పుడు ఎఫ్‌టీ8 అనే పద్ధతి ఆదుకుంటుంది. 2017లో దీన్ని తయారుచేసినవాళ్లు జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ. ఈ టేలర్ గారు 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఖగోళ శాస్త్రవేత్తే. చెవికి వట్టి హోరు తప్ప ఏమీ వినపడని చోట ఎఫ్‌టీ8 అక్షరాలు ఏరి తెర మీద పెడుతుంది. దీని మీదే కట్టిన జేఎస్8కాల్ అనే ప్రోగ్రాం ఉంది. అందులో టైపు చేసిన సందేశం అవతలివాళ్లకి అందుతుంది, వాళ్లు దగ్గర లేకపోతే వాళ్ల కంప్యూటర్‌లో దాగి ఉంటుంది. తుఫాను రోజుల్లో దీని విలువ ఊహించుకోండి.

తెలుగు విద్యార్థులం కాబట్టి ఒక మాట. ఎఫ్‌టీ8లో సొంతంగా ఒక వాక్యం రాద్దామంటే ఒకసారికి 13 అక్షరాలే పడతాయి, అవీ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొద్దిపాటి గుర్తులు మాత్రమే. మన ఒత్తులూ గుణింతాలూ దానికి తెలీవు. తెలుగులో చెప్పాలంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవాల్సిందే. మోర్స్‌లోనూ అంతే.

మా బాబాయి లైసెన్సు ఉన్న హ్యామ్. కిందటేడు రేడియో పక్కన ఒక చిన్న కంప్యూటర్ పెట్టాలని వెతుకుతుంటే నేనూ పక్కన కూర్చున్నాను.

"బాబాయ్, ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?" అన్నాను.

"దానికి 19 వోల్టులు కావాలమ్మా. బ్యాటరీ ఇచ్చేది 12. మధ్యలో ఇన్వర్టర్ పెడితే తినేది అదే తినేస్తుంది" అన్నారు.

వ్యవహారమంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. కొట్లో అడిగితే ప్రాసెసర్ ఎంత, ర్యామ్ ఎంత అని చెబుతారు. హ్యామ్ పనికి ఆ లెక్కలు దాదాపు అనవసరం. ఎఫ్‌టీ8 నడపడానికి చవక కంప్యూటర్ చాలు. ముందు చూడాల్సింది దాని వెనకాల ఉండే పిన్ను దగ్గర ఎన్ని వోల్టులని రాసుందో.

ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద ఇన్వర్టర్‌తో నడిపితే 12 వోల్టుల్ని ముందు 230 చేస్తాం, మళ్లీ దాన్ని ఛార్జర్ 19కి దించుతుంది. ఎక్కి దిగే ప్రతి మెట్టు దగ్గరా కొంత వేడిగా పోతుంది. రెండు మెట్లూ కలిపితే సుమారు నాలుగో వంతు పోయినట్టే. పైగా ఇన్వర్టర్ ఏ పనీ చేయకపోయినా తన వాటా తను తింటుంది.

చిన్న కంప్యూటర్లు వోల్టుల్ని బట్టి నాలుగు రకాలు. రాస్ప్‌బెర్రీ పై లాంటివి 5 వోల్టులవి. ఇంటెల్ ఎన్100 చిప్‌తో వస్తున్న అరచేతి డబ్బాల్లో చాలావాటికి 12 వోల్టులు. ఆఫీసుల్లో తీసేసిన పాత థిన్ క్లయింట్లు, కొన్ని మినీ పీసీలు ల్యాప్‌టాప్ లాగే 19 వోల్టులు అడుగుతాయి. నాలుగో రకం ఫ్యాక్టరీల కోసం చేసిన ఫ్యాన్ లేని ఇనప డబ్బాలు. వాటి మీద 9 నుంచి 36 వోల్టుల దాకా ఏదైనా ఇవ్వొచ్చని రాసుంటుంది. అన్నిటికంటే హాయి ఇవే, కొత్తవి కొనాలంటే ధరే భయపెడుతుంది. పాత ఇంటెల్ ఎన్‌యూసీల్లో కొన్ని 12 నుంచి 19 వరకు తీసుకుంటాయి. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే లేబుల్ చదివి తీసుకోవచ్చు.

"12 వోల్టుల కంప్యూటర్, 12 వోల్టుల బ్యాటరీ, ఇంకేం, కలిపేస్తే సరి" అని ఎవరికైనా అనిపిస్తుంది. అలా కలపకూడదు. 12 అన్నది బ్యాటరీకి ముద్దుపేరు లాంటిది. ఛార్జింగ్‌లో ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 14.4 దాకా చూపిస్తుంది. బాగా వాడేశాక 11 దగ్గరికి దిగుతుంది. వంద వాట్ల రేడియోలు ఈ ఎగుడుదిగుళ్లు తెలిసి చేసినవి. చాలావాటికి 13.8 వోల్టులు అసలు లెక్క, 15 శాతం అటూ ఇటూ అయినా ఓర్చుకుంటాయి. అడాప్టర్ ఇచ్చే కచ్చితమైన 12 చూసుకుని చేసిన కంప్యూటర్‌కి ఆ ఓర్పు ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు. కొన్ని 14 వోల్టులకీ నడుస్తాయి, కొన్ని కాలిపోతాయి. అందుకని మధ్యలో బక్-బూస్ట్ కన్వర్టర్ అనే చిన్న పెట్టె పెట్టాలి. లోపలికి 10 వచ్చినా 15 వచ్చినా బయటికి 12 మాత్రమే పంపుతుంది. 5 వోల్టుల వాటికి బక్ కన్వర్టర్ చాలు, ఎందుకంటే దానికి దించే పనే తప్ప ఎక్కించే పని లేదు.

దించేటప్పుడు కూడా కక్కుర్తి పడకూడదు. రాస్ప్‌బెర్రీ పై 4కి 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు ఇవ్వగలిగిన సప్లై కావాలి. సన్నటి యూఎస్‌బీ వైరుతో ఇస్తే దారిలోనే వోల్టులు జారిపోయి, 4.63 కంటే దిగగానే అది కరెంటు చాలడం లేదని హెచ్చరిక చూపిస్తుంది. పై 5 ఇంకా పేచీ మనిషి. 5 ఆంపియర్ల సప్లై అడుగుతుంది, 3 ఆంపియర్లదే పెడితే తన యూఎస్‌బీ పోర్టులకిచ్చే కరెంటు కోసేస్తుంది. మన పనికి పై 4 చాలని నా ఉద్దేశం.

ఇప్పుడు లెక్క. మన ఇళ్లల్లో ఇన్వర్టర్‌కి పెట్టే 150 ఏహెచ్ బ్యాటరీ తీసుకుందాం. 150ని 12తో గుణిస్తే 1800 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గిపోతుంది కాబట్టి మన చేతిలో ఉన్నది 900. రేడియో ఊరికే వింటూ ఉంటే సుమారు 1 ఆంపియర్, అంటే 12 వాట్లు, రోజుకి 288. ఎఫ్‌టీ8లో 25 వాట్లతో రోజుకి ఓ గంట పంపడం, వినడం చేస్తే ఇంకో 50 చిల్లర. రేడియో వంతు మొత్తం 340 అనుకోండి. దీనికి 5 వాట్లు తినే రాస్ప్‌బెర్రీ పై జోడిస్తే 120 కలుస్తుంది, బ్యాటరీ దాదాపు 2 రోజులు వస్తుంది. 10 వాట్ల ఎన్100 డబ్బా అయితే 240 కలిసి, రోజున్నర. ఇన్వర్టర్ మీద 40 వాట్లు లాగే ల్యాప్‌టాప్ అయితే 960 కలిసి 1300 అవుతుంది. అంటే 16, 17 గంటలు. సాయంత్రం మొదలుపెడితే మర్నాడు మధ్యాహ్నానికి రేడియో కూడా మూగబోతుంది. ఇవి ఉజ్జాయింపు అంకెలే గానీ తేడా ఎంతుందో చూడండి.

తెర ఈ లెక్కలో లేదు. పెద్ద మానిటర్ ఒక్కటే 20 వాట్లు తినగలదు, కంప్యూటర్ కంటే ఎక్కువ. చిన్న తెర వాడాలి, లేదా తెరే లేకుండా ఫోన్‌లోంచి కంప్యూటర్‌ని చూడాలి. నెట్ లేకపోయినా ఫోనూ కంప్యూటరూ వైఫైతో తమలో తాము మాట్లాడుకోగలవు.

వైరు సంగతి చాలామందికి తట్టదు. రేడియో గట్టిగా పంపేటప్పుడు 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీకీ రేడియోకీ మధ్య 3 మీటర్లు ఉందనుకుందాం, పోనూ రానూ 6 మీటర్లు. ఇళ్లల్లో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే ఆ దారిలోనే దాదాపు 0.9 వోల్టు పోతుంది. 12.3 ఉన్న బ్యాటరీ, వైరు అవతలి కొసన 11.4 అయిపోతుంది. అదే వైరు కొసకి కంప్యూటర్ కూడా తగిలించి ఉంటే మాట్లాడిన ప్రతిసారీ అది గుటకలు మింగుతుంది, ఒక్కోసారి ఆగి మళ్లీ మొదలవుతుంది. కాబట్టి రేడియోకి లావు వైరు, కంప్యూటర్‌కి బ్యాటరీ నుంచి వేరే వైరు.

ఇక రొద. నా దృష్టిలో వోల్టుల తర్వాత పెద్ద విషయం ఇదే. కన్వర్టర్లు సెకనుకి లక్షలసార్లు కరెంటుని ఆపుతూ వదులుతూ పనిచేస్తాయి. ఆ కొట్టుకోవడం వల్ల పుట్టే తరంగాలు సరిగ్గా మనం వినే బ్యాండ్లలోనే పడతాయి. తుఫాను తర్వాత ఊరంతా కరెంటు లేనప్పుడు ఒక మంచి ఏమిటంటే, ఆకాశం నిశ్శబ్దంగా ఉంటుంది. పక్కిళ్ల ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు ఏవీ ఉండవు. ఆ నిశ్శబ్దాన్ని మన చవక కన్వర్టరే పాడుచేస్తే దూరపు సంకేతం వినడం ఎలా? కొనే ముందు పరీక్ష సులువు. పాత ట్రాన్సిస్టర్ రేడియో ఉంటే మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి, నడుస్తున్న కన్వర్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. గురగురమని గోల పెరిగితే అది వద్దు. ఇంటికి తెచ్చాక వైర్లని ఫెరైట్ రింగుల్లోంచి నాలుగైదు చుట్లు తిప్పితే ఇంకొంత తగ్గుతుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ కూడా రొద చేసేదే. తెర తీసేయడానికి ఇదొక కారణం.

గడియారం గురించి కూడా చెప్పాలి. ఎఫ్‌టీ8లో అందరూ 15 సెకన్ల వంతులు పాటిస్తారు. వంతు మొదలవగానే పంపాలి, 12.64 సెకన్లలో సందేశం అయిపోతుంది. మన గడియారం ఒక సెకను లోపల సరిగ్గా ఉండాలి, రెండు మూడు సెకన్లు తప్పితే ఎవరి మాటా అర్థం కాదు. నెట్ ఉన్నంతకాలం కంప్యూటర్ టైము అదే సరిచేసుకుంటుంది. పై 4లో గడియారం నిలబెట్టే బ్యాటరీయే లేదు. కరెంటు పోయి వచ్చాక నెట్ లేకపోతే దానికి టైమే తెలీదు. అవసరం వచ్చేది ఆ రోజునే కదా! బొత్తాం బ్యాటరీ ఉన్న చిన్న గడియారం మాడ్యూలో, ఉపగ్రహాల నుంచి టైము తెచ్చే జీపీఎస్ ముక్కో ముందే తగిలించి ఉంచాలి. రెండోది మేలు. ఎన్100 డబ్బాల్లో మామూలు పీసీల్లాగే గడియారం లోపలే ఉంటుంది, కానీ వారాల తరబడి నెట్ లేకపోతే అదీ కొంత జారుతుంది.

మెమొరీ కార్డు మీద నడిచేవాటిని గభాలున ఆపితే కార్డు పాడవుతుంది. అందులోనే మన లాగ్ పుస్తకం అంతా ఉంటుంది. చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవడం మంచిది.

మరి ఏది కొనాలి? మన కాలేజీలో ఫిజిక్స్ వాళ్లతో కలిసి క్లబ్ పెట్టాలనే మాట వినిపిస్తోంది కాబట్టి నా ఓటు చెబుతాను. లైనక్స్ అంటే భయం లేనివాళ్లకి రాస్ప్‌బెర్రీ పై 4, మంచి బక్ కన్వర్టర్, జీపీఎస్. విండోస్ ప్రోగ్రాములే కావాలంటే ఫ్యాన్ లేని ఎన్100 డబ్బా, బక్-బూస్ట్‌తో. 19 వోల్టులవి ఎవరైనా ఊరికే ఇస్తే తప్ప వద్దు. అన్నిటికంటే ముందు లైసెన్సు. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెడుతుంది, 12 ఏళ్లు నిండితే చాలు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకి మోర్స్ కూడా అడగరు. పాసై లైసెన్సు వస్తే వీయూ3తో మొదలయ్యే సంకేతం ఇస్తారు.

బ్యాటరీకి తగిలించేటప్పుడు ఒక్క జాగ్రత్త. కంప్యూటర్ పిన్నులో మధ్యది ప్లస్సో మైనస్సో లేబుల్ మీద బొమ్మ ఉంటుంది, మీటరుతో సరిచూసుకున్నాకే గుచ్చాలి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ పక్కనే పెట్టాలి, కంప్యూటర్ పక్కన కాదు. ఆ రెంటి మధ్య వైరు ఎక్కడ నలిగి మైనస్‌కి తగిలినా ముందు తెగాల్సింది ఫ్యూజే.