ఇంట్లో వదిలొచ్చిన గడియారం

“చిన్నప్పుడు ఎలా ఉండేవారు?”

నోయిడాలోనో గురుగ్రామ్‌లోనో ఉద్యోగం చేస్తున్న ముప్పై అయిదేళ్ల మనిషి తనకు ఏకాగ్రత, నిలకడ కుదరనివ్వని ఏడీహెచ్‌డీ ఉందేమోనని సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే, ఈ ప్రశ్న తప్పదు. 2013లో వచ్చిన మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 ప్రకారం కొన్ని లక్షణాలైనా పన్నెండేళ్ల లోపే కనబడి ఉండాలి. ఆ వయసుకు సాక్షి ఎవరు? తెలుగువాళ్లకైతే, ఎక్కడో ఊళ్లో ఉన్న అమ్మ.

ఫోన్ చేస్తే ఆమె జబ్బు పేరు చెప్పదు. “నీకు నిలకడెక్కడిది నాన్నా! అన్నం ముందు నుంచి మూడుసార్లు లేచేవాడివి. నెలకో పెన్సిల్ బాక్సు పోగొట్టేవాడివి” అంటుంది. కూతురి గురించైతే “అది పరధ్యానం పిల్ల” అని ఊరుకుంటుంది. అల్లరి చేయని ఆడపిల్లలను ఎవరూ పట్టించుకోలేదు. వాళ్లకు జబ్బు పేరు తెలిసేసరికి సగం జీవితం గడిచిపోతోంది. అమ్మ మాటల్ని హిందీలోకో ఇంగ్లీషులోకో మార్చి ‘కేర్‌లెస్’ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఆమె చెప్పిన సంఘటనలను ఉన్నవున్నట్టు రాసుకెళ్లండి. పాత ప్రోగ్రెస్ కార్డులు దొరికితే అవీ పట్టుకెళ్లండి.

ఆ ఫోన్‌లోనే ఇంకో సంగతీ బయటపడుతుంది. పొద్దున్నే లేపిందెవరు? బ్యాగు సర్దింది, ఫీజు గడువు గుర్తుపెట్టుకున్నది, పక్కన కూచుని హోంవర్క్ చేయించింది ఎవరు? ఇంటర్‌కి రెసిడెన్షియల్ కాలేజీలో పడ్డాక గంట కొడితే లేవడం, గంట కొడితే చదవడం. ఇన్నేళ్లూ అతని కాలాన్ని ఇంకెవరో మోశారు. ఢిల్లీలో ఒంటరి గదికి వచ్చాక అద్దె, కరెంటు బిల్లు, టాక్స్ రిటర్న్, జవాబివ్వని ఈమెయిళ్లు అన్నీ కలిసి మీద పడ్డాయి. “ర్యాంకు తెచ్చుకున్నవాడికి ఈ జబ్బేంటి?” అనేవాళ్లు ఈ సంగతి ఆలోచించరు.

నా దృష్టిలో థెరపీ అంటే ఆ ఆసరాను మళ్లీ కట్టుకోవడమే, ఈసారి తెలిసి కట్టుకోవడం.

మందు ఒక్కటే చాలదనడానికి గట్టి ఆధారం ఉంది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో స్టీవెన్ శాఫ్రెన్ బృందం, మందులు వాడుతున్నా ఇబ్బంది తగ్గని 86 మంది పెద్దలను తీసుకుంది. ఫలితాలు 2010లో జామా వైద్య పత్రికలో వచ్చాయి. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ పొందినవాళ్లలో 67 శాతం మందికి లక్షణాలు చెప్పుకోదగ్గంత తగ్గాయి. విశ్రాంతి పద్ధతులు నేర్చుకున్నవాళ్లలో 33 శాతం మందికే తగ్గాయి.

ఆ థెరపీలో నేర్పేవి చాలా మామూలు పనులు. ఒకటే క్యాలెండర్, ఒకటే పనుల జాబితా. మనసు పన్నెండు నిమిషాలే నిలుస్తుందా, పనిని పన్నెండు నిమిషాల ముక్కలుగా కోసుకోవాలి. మధ్యలో ఏదైనా గుర్తొస్తే లేవకుండా పక్కన కాగితం మీద రాసి పడేయాలి. ఆ తర్వాత అసలు కష్టమైనది వస్తుంది. చిన్నప్పటి నుంచి విన్న ‘బద్ధకిష్టి’ అన్న మాట లోపల పాతుకుపోయి ఉంటుంది. గడువు దాటిన ఈమెయిల్ తెరవాలంటే సిగ్గు. తెరవకపోతే రేపటికి ఇంకాస్త సిగ్గు. ఆ ముడిని విప్పడానికి తోడుగా ఒక మనిషి కావాలి. యాప్‌తో అయ్యే పని కాదు.

మందు అవసరమైనవాళ్లూ ఉన్నారు. వాళ్లు జంకాల్సిన పని లేదు. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ కఠిన నియంత్రణ ఉన్న షెడ్యూల్ ఎక్స్ జాబితాలో ఉంది. ప్రత్యేక లైసెన్సు ఉన్న షాపులోనే, డాక్టర్ రెండు ప్రతులుగా రాసిన చీటీ మీదే అమ్మాలి. షాపువాళ్లు ఒక ప్రతిని రెండేళ్లు భద్రపరచాలి.

ఢిల్లీలో ఎయిమ్స్, రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి, దిల్షాద్ గార్డెన్‌లోని ఇహ్‌బాస్ ఈ వైద్యానికి వెళ్లగల ప్రభుత్వ ఆసుపత్రులు. ప్రైవేటు క్లినిక్‌కి వెళ్తే, క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉందో లేదో అడగండి. అడగడం మీ హక్కు. ఎటు వెళ్లాలో తోచకపోతే 14416కు చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉచిత నంబరు. ఆఫీసుల్లో సర్దుబాట్లు అడగడానికి మాత్రం దారి ఇంకా ఇరుకే. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ పేరు లేదు. ఉండాల్సిందని నా అభిప్రాయం.

శాఫ్రెన్ పద్ధతిలో ఇంట్లోవాళ్లను కూచోబెట్టుకునే సెషన్ కూడా ఉంటుంది. ఇక్కడ ఇల్లు దూరం. భార్యో భర్తో ఉంటే సరే, లేకపోతే రూమ్‌మేట్‌ని పిలవచ్చు, అమ్మని వీడియో కాల్‌లో పిలవచ్చు. రాత్రి ఒక అరగంట ఆ టాక్స్ కాగితాలు ముందేసుకున్నప్పుడు వాళ్లు ఏమీ అడగక్కర్లేదు, గుర్తుచేయక్కర్లేదు. తమ పని తాము చూసుకుంటూ పక్కన ఉంటే చాలు. హోంవర్క్ నాడు బియ్యం ఏరుకుంటూ అమ్మ చేసిందీ అదే.